కౌశికుడు ఇంటికి ఎందుకు తిరిగి వెళ్లాడు? ఊళ్లో ఉన్న మన పెద్దవాళ్ల కోసం ఒక పాఠం



ఈ వారం వీడియోలో మహాభారతం అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుడి కథ చెప్పుకున్నాం. టైమ్ సరిపోక చివరి ఘట్టాన్ని రెండు మాటల్లో ముగించేశాను. నిజానికి అసలు పాఠం ఆ చివర్లోనే ఉంది. అది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఎలా అర్థమైందో కెమెరా ముందు చెప్పడానికి కాస్త సిగ్గుగా అనిపించి, ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్ద పోస్టు. ఓపిగ్గా చదవండి.

ముందు కథ

వీడియో చూడని వాళ్ల కోసం కథ క్లుప్తంగా చెప్తాను.

కౌశికుడు అనే బ్రాహ్మణుడు చెట్టు కింద కూర్చుని వేదం చదువుకుంటున్నాడు. చెట్టు మీదున్న కొంగ ఆయన మీద రెట్ట వేసింది. ఆయన కోపంగా పైకి చూశాడు. అంతే, కొంగ చచ్చి కింద పడింది. అంత తపశ్శక్తి ఉంది ఆయనకి. తర్వాత బాధపడ్డాడు కూడా.

ఆ తర్వాత భిక్షకు ఒక ఇంటికి వెళ్లాడు. ఆ ఇల్లాలు భిక్ష తెస్తుండగానే ఆకలితో భర్త ఇంటికొచ్చాడు. ఆమె ముందు భర్తకు వడ్డించి, ఆ తర్వాత భిక్ష తెచ్చింది. కౌశికుడికి మళ్లీ కోపం వచ్చింది. అప్పుడామె, నువ్వు కోపంగా చూస్తే పడిపోవడానికి నేనేమీ కొంగను కాను, ధర్మం అంటే ఏంటో తెలుసుకోవాలంటే మిథిలానగరానికి వెళ్లి ధర్మవ్యాధుణ్ణి అడుగు అని చెప్పింది.

మిథిలకు వెళ్లి చూస్తే ధర్మవ్యాధుడు మాంసం కొట్లో కూర్చుని ఉన్నాడు. ఈయన నోరు తెరవకముందే, ఆ ఇల్లాలు పంపితే వచ్చారు కదా అన్నాడు. ఈ చోటు మీకు తగదు, మా ఇంటికి వెళ్దాం రండి అని తీసుకెళ్లాడు. కర్మ గురించి, అహింస గురించి, ఇంద్రియాల గురించి చాలా చెప్పాడు. ఇదంతా విన్నాక కౌశికుడికి, ఇన్ని విషయాలు ఈ మనిషికి ఎలా తెలిశాయి అన్న అనుమానం వచ్చింది.

అప్పుడు ధర్మవ్యాధుడు ఆయన్ని లోపలికి తీసుకెళ్లి తన తల్లిదండ్రులను చూపించాడు. ముసలి దంపతులు. భోజనం చేసి, తెల్లటి బట్టలు కట్టుకుని, మంచి ఆసనాల మీద హాయిగా కూర్చుని ఉన్నారు. ధర్మవ్యాధుడు వాళ్ల పాదాలకు తల ఆనించి దండం పెట్టాడు. లోకం ఇంద్రుడు మొదలైన దేవతలకు ఏమేం చేస్తుందో నేను వీళ్లకు అవే చేస్తాను, నా దేవతలు వీళ్లే అన్నాడు. వాళ్లకు తానే స్నానం చేయిస్తాడు, కాళ్లు కడుగుతాడు, తన చేత్తో అన్నం పెడతాడు. వాళ్లకు నచ్చే మాటే మాట్లాడతాడు.

వీడియోలో నేను ఇక్కడే ఆగిపోయాను. కానీ కథ ఇంకా ఉంది.

ధర్మవ్యాధుడు కౌశికుడి వైపు తిరిగి ఇలా చెప్పాడు. అయ్యా, మీరు తల్లిదండ్రుల అనుమతి తీసుకోకుండా వేదం చదువుకోవడానికి ఇల్లు వదిలి వచ్చారు. మీ మీద దిగులుతో ఆ ముసలివాళ్లిద్దరికీ చూపు పోయింది. మీరు ఎంత తపస్సు చేసినా, ఎంత చదివినా అది వృథా. ముందు ఇంటికి వెళ్లండి.

కౌశికుడు వాదించలేదు. ఇంటికి వెళ్లి తల్లిదండ్రులకు సేవ చేసుకున్నాడు.

తెలుగులో ఎర్రన అరణ్యపర్వశేషంలో ఈ కథ చదువుకోవచ్చు. ఒక్క విషయం గమనించండి. కౌశికుడు ఇల్లు వదిలింది చెడు పని కోసం కాదు, చదువు కోసం. మనమూ అందుకే వదిలాం. మొదట చదువు, తర్వాత ఉద్యోగం. ఆయన తల్లిదండ్రులకు కబురు రాలేదు. మన వాళ్లకు రోజూ ఫోన్ వస్తుంది. మరి మన పరిస్థితి ఆయన కంటే మెరుగేనా? నేను మెరుగే అనుకున్నాను.

మట్టెవాడలో పెరిగిన నేను

మా ఇల్లు వరంగల్ మట్టెవాడలో. పెద్దాసుపత్రికి, అంటే ఎం.జి.ఎం.కు, నడిచి వెళ్లేంత దూరం. ప్రతి సోమవారం మా అమ్మతో భోగేశ్వరస్వామి గుడికి వెళ్లేవాణ్ణి. దారిలో రోజూ కనిపించే దృశ్యం ఒకటుంది. నర్సంపేట, పరకాల, ములుగు, మహబూబాబాద్ వైపు పల్లెల నుంచి పొద్దున్నే బస్సు దిగి వచ్చే ముసలివాళ్లు. భుజం మీద కండువా, చేతిలో ప్లాస్టిక్ కవరు. కవర్లో పాత చీటీలు, ఎక్స్‌రే, సద్ది డబ్బా. కొందరితో కొడుకో కూతురో ఉంటారు. చాలామందితో ఎవరూ ఉండరు. తాతకు అవ్వ తోడు, అవ్వకు తాత తోడు.

చాలామంది మా వాకిట్లో ఆగి దారి అడిగేవాళ్లు. మా నాన్న చీటీ తీసుకుని చదివి, ఏ విభాగానికి పోవాలో చెప్పేవాడు. కొన్నిసార్లు స్వయంగా వెంట వెళ్లేవాడు. నాకు స్కూలుకు లేటయ్యేది, విసుక్కునేవాణ్ణి. "వాళ్లకు చదువు రాదు బిడ్డా, మనకొచ్చు గదా" అనేవాడు నాన్న. సేవ గురించి నేను నేర్చుకోవాల్సిన మొదటి పాఠం అది. నేర్చుకోలేదు.

డిగ్రీ అయ్యాక హైదరాబాద్ వచ్చాను. పగలు ఉద్యోగం, రాత్రిళ్లు ఈ చానెల్. తల్లిదండ్రుల సేవ మీద, పుండలీకుడి మీద వీడియోలు చేశాను. పుండలీకుడు తల్లిదండ్రుల సేవలో ఉండి సాక్షాత్తు విఠలుణ్ణే ఇటుక మీద నిలబడమన్న కథ మీలో చాలామందికి నచ్చిన వీడియో. ఆ వీడియో ఎడిటింగ్‌లో ఉన్న వారంలో మా నానమ్మకు ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదని తర్వాత గుర్తొచ్చింది.

జమ్మి పట్టుకుని నిలబడితే

మా నానమ్మ వర్ధన్నపేట వైపు మా ఊళ్లోనే ఉంటుంది. తాత పోయాక మట్టెవాడ వచ్చెయ్యమని నాన్న ఎన్నోసార్లు అడిగాడు. వారం ఉంటుంది, మళ్లీ వెళ్లిపోతుంది. ఆమె తులసి గద్దె అక్కడ, ఆమె మాటలాడుకునే మనుషులు అక్కడ. ఇంట్లో పెరిగిన చెట్టును ఎనభై ఏళ్లకు పీకి వేరే చోట నాటితే ఎలా అని నాన్న కూడా బలవంతపెట్టలేదు. పది రోజులకోసారి వెళ్లి చూసొచ్చేవాడు. ఈ మధ్య నాన్నకే మోకాళ్ల నొప్పులు వచ్చి, ఆ రాకపోకలు తగ్గాయి.

నేను ఆదివారం ఆదివారం ఫోన్ చేసేవాణ్ణి. మా మాటలు ఎప్పుడూ ఒకటే.

"నానమ్మా, తిన్నవా?"

"తిన్న బిడ్డా."

"పానం మంచిగుందా?"

"మంచిగనే ఉన్న. నీ వీడియో పక్కింటి పిల్ల పెట్టింది. మంచిగ చెప్పినవ్."

రెండు నిమిషాల్లో అయిపోయేది. నెలకింత డబ్బు పంపేవాణ్ణి. నా బాధ్యత తీరిందని మనసుకు హాయిగా ఉండేది.

పోయిన దసరాకు ఊరికి వెళ్లాను. మన వైపు దసరా సాయంత్రం జమ్మి ఆకు పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు దండం పెడతాం కదా. గడప దగ్గర కూర్చున్న నానమ్మ ముందుకు వెళ్లి జమ్మి చాపాను. ఆమె నా ముఖంలోకే చూసింది.

"ఎవరు బిడ్డా?" అంది.

మొదట తమాషా అనుకున్నా. "నేనే నానమ్మా" అనగానే ముఖం వెలిగిపోయింది. నా చేతిని తడుముకుంటూ జమ్మి తీసుకుంది. అప్పుడు గమనించాను. కుడిచేతి రెండు వేళ్ల చివర్లు కాలి ఉన్నాయి. తులసి దగ్గర దీపం పెట్టేటప్పుడు వత్తి ఎక్కడుందో కనపడక, వేలితో వెతుక్కుంటోందట.

"మరి నా వీడియోలు చూస్తున్న అన్నవ్ గదా?"

"చూస్తున్ననని ఎప్పుడన్నా బిడ్డా? ఇంటున్న."

నిజమే. ఆమె ఎప్పుడూ చూశాననలేదు. "మంచిగ చెప్పినవ్" అనేది. నేనే సరిగ్గా వినలేదు.

రెండు కళ్లలోనూ శుక్లాలు. ఊళ్లో పొర వచ్చింది అంటారు. ఏడాదికి పైగా చూపు తగ్గుతూ వస్తోంది. ఎందుకు చెప్పలేదంటే, "చెప్తే నువ్వు సెలవు పెట్టి ఉరుకొస్తవ్, నీ కొలువు ఖరాబైతది" అంది. నాన్నకు చెప్పకపోవడానికి ఆయన మోకాళ్లు కారణం. కౌశికుడి తల్లిదండ్రులకు దిగులుతో చూపు పోయింది. మా నానమ్మ చూపు పోతున్న సంగతి మేము దిగులు పడకూడదని దాచింది. రెండు చోట్లా జరిగిందొకటే. బిడ్డ దగ్గర లేడు, దగ్గరికి వచ్చి చూడలేదు.

తెలుగులో "తల్లిదండ్రులను చూసుకోవడం" అంటాం. ఆ మాటలోనే చూడడం ఉంది. నేను పంపించాను, పలకరించాను, ఆమె గురించి నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను. చూడడం మాత్రం చేయలేదు.

పక్కింటి అవ్వ

మర్నాడే వరంగల్‌లో ఒక కంటి ఆసుపత్రికి తీసుకెళ్దామంటే నానమ్మ ఒక షరతు పెట్టింది. "పక్కింటి అవ్వను గూడ తీసుకపోవాలె. దానికి నాకన్న కనపడది."

ఆ అవ్వకు పిల్లల్లేరు. భర్త పోయి చాలా ఏళ్లయింది. నాట్లు వేసి, కలుపు తీసి బతికిన మనిషి. ఇప్పుడు పింఛనే ఆధారం. ఆ పింఛను రెండు నెలలుగా అందలేదు. ఎందుకంటే మిషన్ మీద వేలిముద్ర పడట్లేదు. పొలం పని చేసిన చేతుల్లో గీతలు అరిగిపోతాయి. మూడుసార్లు వెళ్లి, మూడుసార్లు "రేపు రా" అనిపించుకుని, నాలుగోసారి వెళ్లడం మానేసింది. ఎవరితోనూ చెప్పుకోలేదు. మా నానమ్మే పూట పూటకూ ఒక గిన్నె అన్నం గోడ మీది నుంచి అందిస్తోంది. కళ్లు కనపడని మనిషి, కళ్లు కనపడని ఇంకో మనిషికి. సేవ మీద వీడియోలు చేసేది నేను, చేస్తున్నది ఆమె.

అవ్వతో పంచాయతీ ఆఫీసుకు వెళ్లాను. కార్యదర్శి విషయం అంతా విని, తాను ధ్రువీకరిస్తే డబ్బు తీసుకోవచ్చని చెప్పి ఆ పని చేసిపెట్టాడు. గంట కూడా పట్టలేదు. ఆ గంట కోసం ఆమె రెండు నెలలు ఎదురుచూసింది. పక్కన నిలబడి అడిగే మనిషి లేక.

ఆసుపత్రిలో ఆపరేషన్‌కు ముందు ఒక కాగితం ఇచ్చారు. రోగి తరఫున ఎవరైనా సంతకం పెట్టాలి. అవ్వ ఒక్కసారిగా వెనక్కి తగ్గింది. "వద్దు బిడ్డా, పోదాం. నాకెవ్వరున్నరు సంతకం పెట్ట?" అంది. నేను పెన్ను తీసుకుని సంతకం పెట్టాను. పక్కన సంబంధం అని ఒక గడి ఉంది. మనుమడు అని రాశాను. చదివి వినిపించమంది. వినిపించాను. ఆ తర్వాత ఇంకేం మాట్లాడలేదు, లోపలికి వెళ్లింది.

ఇద్దరికీ ముందు ఒక కన్ను, కొన్ని వారాల తర్వాత రెండో కన్ను చేశారు. ఆపరేషన్ అయిన రోజే ఇంటికి పంపించారు. అసలు కష్టం ఆ తర్వాతే. వేళకు కళ్లలో చుక్కలు వేయాలి, నీళ్లు పడకూడదు, కట్టెల పొయ్యి పొగ తగలకూడదు. ఒంటరిగా ఉన్న ముసలివాళ్లు ఇవన్నీ ఎలా చేసుకుంటారు? నేను పది రోజులు ఊళ్లోనే ఉండి ఆఫీసు పని అక్కడి నుంచే చేశాను. ఆ తర్వాత పక్కింటి పిల్ల చుక్కల పని తీసుకుంది. ఆ పది రోజుల్లో చానెల్‌లో వీడియో రాలేదు. ఎందుకో మీరు అడిగారు. ఇదీ కారణం.

ఇది మా ఇంటి కథే కాదు

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లు 10 కోట్ల 38 లక్షల మంది. అందులో 7 కోట్ల 30 లక్షలకు పైగా పల్లెల్లోనే ఉన్నారు. అంటే పదిమందిలో ఏడుగురు. పిల్లలేమో చదువుకని, పనికని పట్నాలకు వచ్చేశారు. పథకాలు లేవని కాదు. అవి ఉన్న చోటికీ ముసలివాళ్లు ఉన్న చోటికీ మధ్య ఒక చదువుకున్న మనిషి కావాలి. చిన్నప్పుడు మా నాన్న మట్టెవాడలో చేసిన పని అదే.

మనకు తెలిసి ఉండాల్సినవి కొన్ని చెప్తాను.

పింఛను: తెలంగాణలో 2014 నవంబరులో ఆసరా పేరుతో వృద్ధులకు, వితంతువులకు నెలకు 1,000 రూపాయలతో మొదలైంది. 2019లో అది 2,016 అయింది. మీ ఊళ్లో మీకు తెలిసిన పెద్దవాళ్లకు వస్తోందా? వస్తుంటే ప్రతి నెలా చేతికి అందుతోందా? రెండు ప్రశ్నలూ అడగాలి.

వైద్యం: 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు దాటిన వాళ్లందరికీ, ఆదాయంతో పని లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం వర్తిస్తుంది. దానికి ఆధార్‌తో వయ వందన కార్డు తీసుకోవాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. కార్డు తీయించడం ఫోన్ వాడటం వచ్చిన మనకు చిన్న పని. వాళ్లకు కొండ ఎక్కడమే.

కళ్లు: మన దేశంలో చూపు పోవడానికి అతి పెద్ద కారణం శుక్లాలే. నయమయ్యే జబ్బు అది. వయసైపోయింది, ఇంతే అని ఊరుకోకూడదు.

చట్టం: తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు చూడకపోతే ఆర్.డి.ఓ. స్థాయి అధికారి నడిపే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. లాయర్ అక్కర్లేదు. నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. చూసుకుంటామన్న షరతు మీద ఇల్లూ పొలమూ రాయించుకుని, తర్వాత చూడకపోతే ఆ రాత చెల్లదని ప్రకటించే వీలు 23వ సెక్షన్‌లో ఉంది. పిల్లలు లేని వృద్ధులు, తమ ఆస్తి ఎవరి చేతిలో ఉందో లేదా ఎవరికి దక్కుతుందో ఆ బంధువును అడగవచ్చు.

ఇందులో నన్ను ఆపేసిన మాట ఒకటుంది. ఆ చట్టంలో "పిల్లలు" అంటే కొడుకూ కూతురే కాదు, మేజరైన మనుమడూ మనుమరాలూ కూడా. అవ్వాతాతల సంగతి అమ్మానాన్నలు చూసుకుంటారులే అని మనం పక్కకు తప్పుకోలేం. ధర్మమూ ఒప్పుకోదు, చట్టమూ ఒప్పుకోదు.

ఫోన్: వృద్ధుల హెల్ప్‌లైన్ నంబరు 14567. ఉచితం. మీ పెద్దవాళ్ల గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. పక్కింటి వాళ్ల గోడ మీద కూడా.

ఇంకో మాట: పక్కకు నిలబెట్టడం

ధర్మవ్యాధుడు తల్లిదండ్రులకు అన్నం పెట్టి ఊరుకోలేదు. మంచి బట్ట కట్టించాడు, మంచి ఆసనం వేశాడు. పెద్దవాళ్లకు తిండి, మందు ఎంత అవసరమో నలుగురిలో గౌరవం అంత అవసరం.

మా ఇళ్లలో పెళ్లి జరిగితే నానమ్మ వంటింటి తలుపు దగ్గర నిలబడేది. బొట్టు పెట్టే పళ్లెం ఆమె దాకా వచ్చి పక్కకు తిరిగేది. ఎవరూ పొమ్మనలేదు, ఆమే తప్పుకునేది. తాత పోయిన రోజు నుంచి అంతే. చిన్నప్పుడు అది నాకు మామూలుగా అనిపించింది. శాస్త్రం అనుకున్నాను.

మరి మహాభారతంలో కుంతిని చూడండి. పాండురాజు పోయాక ఐదుగురు కొడుకులను పెంచింది ఆమే. ద్రౌపది పెళ్లయ్యాక కొత్త కోడలు వచ్చి అత్తగారికి నమస్కరిస్తే, నిండు మనసుతో దీవించింది కుంతి. ఆ దీవెన అశుభమని అక్కడ ఒక్కరూ అనలేదు. మనం ఎందుకు అంటున్నాం?

మన వరంగల్‌లోనే, కాజీపేట కేంద్రంగా పనిచేసే బాలవికాస సంస్థ పల్లెల్లో వితంతువుల పట్ల చూపే ఈ వివక్షకు వ్యతిరేకంగా ఏళ్లుగా పని చేస్తోంది. బొట్టు, గాజులు, పూలు మళ్లీ ధరించేలా వాళ్లకు ధైర్యం చెబుతోంది. మంచి పని ఎవరు మొదలుపెట్టినా నేర్చుకోవాల్సిందే.

ఈ మధ్య మట్టెవాడ ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. తాంబూలం మొదట నానమ్మకు ఇవ్వాలని మా అమ్మ అంది. నానమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. అమ్మ ఆ చెయ్యి పట్టుకుని పెట్టింది. రెండో తాంబూలం పక్కింటి అవ్వకు. ఆ రోజు ఎవరికీ ఏ కీడూ జరగలేదు. మా చెల్లి మాత్రం ఇద్దరి కాళ్లకూ దండం పెట్టి, ఇద్దరి దగ్గరా వంద వంద వసూలు చేసింది.

ఒక్కరితో అయ్యే పని కాదు

గీసుగొండ మండలంలోని గంగదేవిపల్లి పేరు విన్నారా? ఆదర్శ గ్రామంగా దేశమంతా తెలిసిన ఊరు. అక్కడ ఊరి పనుల కోసం కమిటీలు వేసుకున్నారు. నీళ్లకొకటి, పారిశుద్ధ్యానికొకటి, ఇలా. ఊరి పని ఊరివాళ్లదే అన్న పద్ధతి. మనం పుట్టిన ఊళ్లలో పెద్దవాళ్ల కోసం కూడా అలాంటిది ఒకటి వేసుకోవచ్చు.

మేము చిన్నగా మొదలుపెట్టాం. మా ఊరి నుంచి హైదరాబాద్ వచ్చిన పిల్లలం తొమ్మిదిమందిమి. వాట్సాప్‌లో ఒక గ్రూపు. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ల జాబితా రాసుకున్నాం. ఎవరు ఊరికి వెళ్తున్నా తమ ఇంటితో పాటు ఇంకో రెండు ఇళ్లు చూసి రావాలి. అంతే నియమం. ఒక నెల బాగా జరుగుతుంది, ఒక నెల జరగదు. పోయిన నెల ఒక్కరే వెళ్లారు. అయినా ఆపలేదు.

ఈ వారం సాధన

వీడియో చివర్లో ఎప్పుడూ ఒక సాధన ఇస్తాను కదా. ఈసారి జపం కాదు, ఇవి చేయండి.

1. ఊళ్లో ఉన్న పెద్దవాళ్లకు ఫోన్ చేసినప్పుడు "తిన్నవా" దగ్గర ఆగకండి. ఏం వండుకున్నారు, మందులు ఎన్ని మిగిలాయి, పింఛను ఏ తారీఖున వచ్చింది, నిన్న ఎవరితో మాట్లాడారు అని అడగండి. ఒక్క మాటతో తప్పించుకోలేని ప్రశ్నలు కావాలి.

2. నెలలో ఒక్కసారైనా స్వయంగా వెళ్లండి. వెళ్లినప్పుడు ఫోటో దిగడం కంటే ముందు గోళ్లు, పాదాలు, వేళ్లు, కళ్లు చూడండి. వంటింట్లో డబ్బాలు తెరిచి చూడండి.

3. వాళ్ల కాగితాలన్నీ ఒక సంచిలో సర్దిపెట్టండి. ఆధార్, పింఛను పుస్తకం, వైద్యం కార్డు, పాత చీటీలు. ఫోటోలు మీ ఫోన్‌లో ఉంచుకోండి.

4. మీ వాళ్లతో పాటు ఇంకొకరిని కలుపుకోండి. పిల్లల్లేని అవ్వ, చూసేవాళ్లు లేని తాత, ప్రతి వీధిలోనూ ఒకరుంటారు. ఎవరో మీకు తెలియకపోతే మీ నానమ్మను అడగండి, ఆమెకు తెలుసు.

5. తర్వాత వచ్చే శుభకార్యంలో మొదటి బొట్టు, మొదటి తాంబూలం ఎవరికో ముందే మాట్లాడుకోండి.

తైత్తిరీయోపనిషత్తులో చదువు ముగించుకుని వెళ్లే శిష్యుడికి గురువు చేసే ఉపదేశం ఉంది. తల్లిని, తండ్రిని, గురువును, అతిథిని దేవుడిగా చూడమంటాడు. అది చిన్నపిల్లలకు చెప్పిన మాటని అనుకుంటాం. కాదు, గురుకులం వదిలి లోకంలోకి అడుగుపెడుతున్న యువకుడికి చెప్పిన మాట. అంటే మన వయసు వాళ్లకే.

నిన్న ఆదివారం నానమ్మ ఫోన్ చేసింది. పక్కింటి పిల్లతో వీడియో కాల్ పెట్టించుకుంది.

"గడ్డమేంది బిడ్డా అట్ల పెంచినవ్, మంచిగ లేదు. తీసెయ్" అంది.

ఈ వారం వీడియోలో నేను గడ్డం లేకుండా ఎందుకున్నానో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది.

వచ్చే వారం మళ్లీ కలుద్దాం. ఈలోపు ఊరికి ఒక బస్సు టికెట్ తీసుకోండి.

శుభం భూయాత్.